ఫోర్కు కారితే, బ్యాటరీ దిగిపోతే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బండి కుదుపుల గురించో, బ్యాటరీ గురించో రాసినవే. అందరూ అడిగింది ఏ సామాను మార్చాలని. నా జవాబుల్లో మాత్రం, సామాను కొనే ముందు ఏం చూడాలి, ఏం కొలవాలి అన్నదే ఎక్కువగా ఉంటుంది.

ప్రశ్న: నాది పన్నెండేళ్లనాటి 125 సీసీ బండి, ముందు డిస్క్ బ్రేకు. డిస్కు ఉన్న వైపు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టం) నుంచి ఆయిల్ కారుతోంది. ఆరు నెలల కిందటే ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు మార్పించాను. ఇప్పుడు మెకానిక్ రెండు ఫోర్కులూ మొత్తం మార్చాలంటున్నాడు. ఇంట్లో నేనే చేసుకునే దారి ఉందా?
— ఒక ఉపాధ్యాయుడు, మదనపల్లె

జవాబు: ఉంది. అయితే ముందుగా చేయవలసింది బ్రేకు సంగతి. కారిన ఆయిల్ డిస్కు మీదికి, ప్యాడ్ల మీదికి చేరిందంటే ముందు బ్రేకు ఉన్నట్టే ఉండి అవసరానికి పట్టదు. ప్యాడ్లకు ఆయిల్ పట్టి ఉంటే వాటిని కడిగి వాడుకోవాలని చూడకండి, కొత్తవి వేయండి. డిస్కును మాత్రం బ్రేక్ క్లీనరుతో తుడిస్తే సరిపోతుంది.

సీలు మార్చిన ఆరు నెలలకే మళ్లీ కారడానికి నాకు కనిపించే కారణాలు రెండు. మొదటిది తేలికైనది: సీలు పెదవి కింద ఇసుక రేణువు చేరి ఉండవచ్చు. బాటమ్ కేసు (మెరిసే పైపు జారే కింది గొట్టం) పైనున్న, దుమ్మును ఆపే డస్ట్ సీలును జాగ్రత్తగా పైకి జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి వేలెడు వెడల్పున ఒక ముక్క కత్తిరించి, దాని చివర చిన్న కొక్కెంలా చేసి, పైపుకూ ఆయిల్ సీలుకూ మధ్య మెల్లగా దూర్చి చుట్టూ ఒకసారి తిప్పండి. బయటికి వచ్చిన ఫిల్ము మీద నల్లటి జిగురులో మెరిసే ఇసుక కనిపిస్తే దొంగ దొరికినట్టే. పైపును తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును పది పదిహేనుసార్లు నొక్కి వదిలి, రెండు రోజులు నడిపి చూడండి. కారడం ఆగితే మీకు అయిన ఖర్చు ఏమీ లేదు.

ఆగకపోతే రెండో కారణం చూడాలి. పైపు మీది క్రోమ్ పూత లేచి, తుప్పు గుంటలు పడి ఉండవచ్చు. కళ్లతో చూస్తే సరిగా తెలియదు. సీలు పైకీ కిందికీ జారే మేర పైపు మీద గోటిని నిలువుగా జార్చండి. ఎక్కడ గోరు తట్టుకుంటుందో అక్కడే కొత్త సీలు కూడా కోసుకుపోతుంది. గుంట ఒకటీ అరా ఉండి, అంచులు మాత్రమే లేచి ఉంటే 1500 నంబరు నీటి ఎమరీ కాగితంతో ఆ అంచులను సాపు చేయవచ్చు. వరుసగా గుంటలుంటే ఆ పైపు మార్చక తప్పదు. గుంటలు సీలు ఎన్నడూ చేరని పై భాగంలో ఉంటే పట్టించుకోనక్కరలేదు. కనుక మీ మెకానిక్ మాట తప్పని నేను అనను. కానీ ఒక పైపు చెడితే రెండు ఫోర్కులను బాటమ్ కేసులతో సహా మార్చడం దేనికని మీరు అడగవచ్చు.

విప్పేటప్పుడు కొత్తవాళ్లు పొరపడేది క్రమంలోనే. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజన్ కింద చెక్క దిమ్మె పెట్టి, ముందు చక్రం గాలిలో ఉండేలా చూసుకోండి. ఫోర్కు అడుగున ఇరుసు దగ్గరుండే అలెన్ బోల్టును, లోపల స్ప్రింగు ఉండగానే, ఫోర్కును గట్టిగా నొక్కిపట్టి వదులు చేయాలి. స్ప్రింగు తీసేశాక ఆ బోల్టు తిప్పితే లోపలి రాడ్డు కూడా దానితోపాటే తిరుగుతుంది. సాయంత్రం దాకా తిప్పినా ఊడదు. పైనున్న టాప్ బోల్టు కింద స్ప్రింగు ఒత్తిడి ఉంటుంది కాబట్టి చివరి మరలు తిప్పేటప్పుడు అరచేతితో అదిమిపట్టండి, ముఖం పక్కకు పెట్టుకోండి.

కొత్త సీలును దించే ముందు పైపు చివరికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీద కాస్త ఫోర్క్ ఆయిల్ రాయండి. లేకపోతే పైపు అంచు సీలు పెదవిని గీరుతుంది. అక్షరాలున్న ముఖం పైకి ఉండాలి. సీలును సుత్తితో ఒక పక్క కొట్టి దించకుండా, సరిపడే వ్యాసం ఉన్న పీవీసీ గొట్టాన్ని దాని మీద నిలిపి చుట్టూ సమానంగా తట్టండి. అలెన్ బోల్టు కింది రాగి వాషరు కొత్తదే వేయాలి. అది పాతదైతే సీలు ఎంత మంచిదైనా అడుగు నుంచి కారుతుంది.

ఇక ఆయిల్. ఇంజన్ ఆయిల్ మిగిలిందని ఫోర్కులో పోసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. బండి నడుస్తుంది, నిజమే. కానీ చిక్కదనం మారిపోవడంతో చిన్న గుంతల మీద చేతులకు దెబ్బలు తెలుస్తాయి. మీ బండి పుస్తకంలో ఎన్ని మిల్లీలీటర్లు, ఏ గ్రేడు అని రాసి ఉందో అదే పోయండి, సూది లేని పెద్ద సిరంజితో కొలవండి. ఫోర్కులో ఆయిల్ పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగులా పని చేస్తుంది: ఆయిల్ ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, లోతైన గుంతలో ఫోర్కు బిగుసుకుపోతుంది. అందుకే రెండు వైపులా ఆయిల్ మట్టం సమానంగా ఉండాలి. సీళ్లు కూడా రెండు వైపులా ఒకేసారి మార్చండి. చివరగా, ఇరుసును పూర్తిగా బిగించే ముందు బండిని నేల మీద నిలిపి ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కండి. రెండు పైపులూ ఒకదానికొకటి సమాంతరంగా కుదురుకుంటాయి. ఈ పని చేయకుండా బిగించిన బండ్లలో ఫోర్కు పట్టేసినట్టుగా కదులుతుంది, సీళ్లు కూడా త్వరగా అరుగుతాయి.

ప్రశ్న: నా 350 సీసీ బండికి ఏడాదిలో రెండు బ్యాటరీలు పోయాయి. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు, ఫోను చార్జరు, జీపీఎస్ ట్రాకరు పెట్టించాను. ఇప్పుడు ఎక్కువ ఆంపియర్ల బ్యాటరీ వేయమంటున్నారు. ఫలితం ఉంటుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉండదు. తొట్టి పెద్దదైనంత మాత్రాన కుళాయి నుంచి ఎక్కువ నీళ్లు రావు. మీ రెండు ఫాగ్ లైట్లూ కలిపి 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. వాటికి హెడ్‌లైటు తోడవుతుంది. 2017 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లలో పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నిబంధన ఉంది కనుక, మీది ఆ తరువాతి బండి అయితే ఆ భారం పగటిపూట కూడా తప్పదు. ఊళ్లో తక్కువ వేగంతో తిరిగేటప్పుడు మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం) ఇచ్చేది తక్కువ, లైట్లు తీసుకునేది ఎక్కువ. ఆ తేడా బ్యాటరీ నుంచే పోతుంది.

అయినా లైట్లదే తప్పని ఇప్పుడే తేల్చకండి. ఒక డిజిటల్ మల్టీమీటరు తీసుకోండి, మామూలుది చాలు. బండి నాలుగైదు గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ కొనల మధ్య 12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే అది నిండుగా ఉన్నట్టు. 12 కంటే తగ్గితే ఖాళీ అయినట్టు. ఖాళీ బ్యాటరీతో చేసే పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి కనుక ముందు దాన్ని బయటి చార్జరుతో నింపండి. 14 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీకి 1.4 ఆంపియర్ల చార్జింగు సరైనది. తరువాత బండి స్టార్టు చేసి, హెడ్‌లైటు వేసి, ఇంజన్ వేగం పెంచి చూడండి. నిమిషానికి 4000 తిరుగుళ్ల దగ్గర బ్యాటరీ కొనల మధ్య 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటే చార్జింగు బాగానే ఉంది. 15 దాటితే, వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది. 12 చుట్టూనే ఉండి వేగం పెంచినా పెరగకపోతే చార్జింగు అందడం లేదు.

ఇక్కడే చాలామంది రెగ్యులేటర్ రెక్టిఫయర్ (కాయిల్ ఇచ్చే ఏసీని డీసీగా కూడా మార్చే రెగ్యులేటర్) కొనేస్తారు. నేనూ ఒకప్పుడు ఒక ఎలక్ట్రికల్ షాపువారి మాట మీద నా బండికి రెండుసార్లు కొన్నాను. మూడోసారి విసుగు పుట్టి సీటు తీసి తీగలు చేత్తో తడుముతూ పోతే, కాయిల్ నుంచి వచ్చే కప్లరు (తీగలను కలిపే ప్లాస్టిక్ సాకెట్టు) వేడిగా తగిలింది. దాన్ని విప్పితే తెల్లటి ప్లాస్టిక్ వేగిన అప్పడం రంగుకు తిరిగి ఉంది, లోపలి పిన్నుల్లో ఒకటి పచ్చగా చిలుము పట్టి వదులైపోయింది. రెండు రెగ్యులేటర్ల డబ్బు పెట్టి నేను మార్చవలసింది నిజానికి ఒక చిన్న కప్లరును. వదులైన పిన్ను దగ్గర నిరోధం పెరుగుతుంది, నిరోధం వల్ల వేడి, వేడి వల్ల పిన్ను ఇంకా వదులు. ఈ చక్రం ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

కనుక ముందు కప్లర్లు చూడండి. తరువాత కాయిల్ కప్లరు విప్పి, మూడు పసుపు తీగలు ఉంటే రెండేసి తీగల మధ్య నిరోధం కొలవండి. మూడు జతలూ దాదాపు సమానంగా, ఒక్కొక్కటి ఒక ఓమ్ దగ్గరలో ఉండాలి. ఏ తీగకూ ఇంజన్ బాడీకీ మధ్య సంబంధం ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలినట్టే. ఆపైన బండి స్టార్టు చేసి, మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, మూడు జతలనూ కొలవండి. వేగంతోపాటు అంకె పెరగాలి, మూడింటిలోనూ ఒకే తీరుగా పెరగాలి. ఇక్కడ 50 వోల్టులు కూడా దాటవచ్చు, తీగలను చేత్తో తాకకండి. కాయిల్ బాగుండి, కప్లర్లు, ఎర్తు తీగలు బాగుండి, బ్యాటరీ దగ్గర మాత్రం చార్జింగు వోల్టులు అందకపోతేనే రెగ్యులేటర్‌ను అనుమానించండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ మాత్రం తీయవద్దు. పాత పద్ధతి పరీక్ష అని కొందరు చేసే ఆ పనికి కొన్ని బండ్లలో ఈసీఎం (ఇంజన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) బలవుతుంది.

ట్రాకరు సంగతి మరచిపోకండి. బండి తాళం ఆపేసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి, ఆ తీగకూ కొనకూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టి చూడండి. కొద్ది మిల్లీఆంపియర్లు సహజం. వారం రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోయేంత కనిపిస్తే ట్రాకరు ఫ్యూజు తీసి మళ్లీ కొలవండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ నొక్కితే మీటరు ఫ్యూజు పోతుంది, అది మీకు తెలిసే ఉంటుంది.

అంతా బాగుంటే, మెరుగుపరచే ముచ్చట అప్పుడు. 55 వాట్ల లైట్ల స్థానంలో 15, 20 వాట్ల ఎల్ఈడీలు పెట్టి, వాటిని రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపే పరికరం), ఫ్యూజు ద్వారా కలపండి. మీ రెగ్యులేటర్ షంట్ రకమైతే, మిగులు విద్యుత్తును ఎర్తులోకి మళ్లించి వేడిగా పోగొడుతుంది, కాయిల్ ఎప్పుడూ పూర్తి బరువుతో పని చేస్తుంది. సిరీస్ రకం రెగ్యులేటర్ అవసరం లేనప్పుడు తీగనే తెంచినట్టు ఆపేస్తుంది కనుక కాయిల్ చల్లగా ఉంటుంది. ధర ఎక్కువే అయినా పెద్ద బ్యాటరీ కంటే ఆ డబ్బు అక్కడ పెట్టడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: సామాను మోసే బండి నాది. వెనక షాకబ్జర్లు గుంతల్లో ధడేల్‌మని తగులుతున్నాయి. పొడవైన గ్యాస్ షాకబ్జర్లు వేయించవచ్చా?
— ఒక చిరు వ్యాపారి, కాకినాడ

జవాబు: పొడవైనవి వద్దు. వెనక భాగం లేస్తే హ్యాండిల్ తీరు మారుతుంది, చైను వాలు మారుతుంది, సైడ్ స్టాండు మీద బండి మరీ ఒరుగుతుంది. షాకబ్జరు పై బోల్టు రంధ్రం నుంచి కింది బోల్టు రంధ్రం వరకు పాత కొలతే ఉండాలి.

ముందు మీకున్న వాటిని చూడండి. బరువు లేకుండా వెనక తోకను గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకోవాలి; రెండు మూడుసార్లు ఊగితే లోపలి ఆయిల్ పని అయిపోయింది. కాకినాడ ఉప్పుగాలికి రాడ్డు మీద తుప్పు చుక్కలు పడటం, దాంతో సీలు పోవడం సహజం. రాడ్డు చుట్టూ దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంటే గుర్తు అదే. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే కదిలే చేయి) బుష్షులు కూడా చూడండి: చక్రాన్ని పక్కలకు ఊపితే టకటకమని వదులు తెలిస్తే కొత్త షాకబ్జర్లు వేసినా బండి తోక ఊగుతూనే ఉంటుంది.

షాకబ్జర్లు బాగుంటే, చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి సీటు కింది ఒక గుర్తు వరకు కొలవండి. మీరు, మీ మామూలు సరుకు ఎక్కాక మళ్లీ కొలవండి. ఆ తేడా చక్రం కదలగల మొత్తం దూరంలో మూడో వంతు దగ్గర ఉండాలి. అంతకంటే ఎక్కువైతే షాకబ్జర్ల అడుగున స్ప్రింగును సర్దే మెట్లను రెండు వైపులా సమానంగా ఒక్కొక్కటి పెంచండి. మెట్లు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు గానీ, గట్టితనం మారదు. బండి నిలబడే ఎత్తు మారుతుంది, అంతే. చివరి మెట్టు మీద కూడా తగులుతూ ఉంటే స్ప్రింగు మీ బరువుకు చాలదు. గట్టి స్ప్రింగులున్న, అదే పొడవు షాకబ్జర్లు అప్పుడు కొనండి. గ్యాస్ రకంలో నత్రజనిని ఒత్తిడితో నింపేది లోపలి ఆయిల్ నురగ కాకుండా ఉండటానికే. బరువు మోసేది మాత్రం స్ప్రింగే. గ్యాసు నింపిన ఆ డబ్బాకు రంధ్రం చేయడం గానీ, ఇంట్లో విప్పడం గానీ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ప్రశ్న: పాత 100 సీసీ బండికి ఎల్ఈడీ హెడ్‌లైటు బల్బు వేస్తే మిణుకుమిణుకుమంటోంది. రెండు నెలలకే మాడిపోయింది కూడా.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీ బండిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద ఆధారపడదు. కాయిల్ నుంచి వచ్చే ఏసీలో ఒక సగం బ్యాటరీకి, రెండో సగం లైటుకు వెళుతుంది. 35 వాట్ల హాలోజన్ బల్బు తీగ వేడి మీద ఆ ఖాళీలు తెలియవు, ఎల్ఈడీకి తెలుస్తాయి. దీన్ని పూర్తిగా డీసీకి మార్చాలంటే ఇంజన్ ఎడమ మూత తీసి, కాయిల్ కొనను ఎర్తు నుంచి విడదీసి, రెండు కొనలనూ ఫుల్‌వేవ్ (ఏసీ రెండు సగాలనూ డీసీగా మార్చే) రెగ్యులేటర్‌కు ఇచ్చి, లైటును బ్యాటరీ వైపు నుంచి ఫ్యూజుతో కలపాలి. కాయిల్ ఎర్తు విడదీయకుండా లైటు తీగను మాత్రం బ్యాటరీకి మార్చితే పగలు బాగానే ఉంటుంది, నాలుగు రాత్రులకు బ్యాటరీ దిగిపోతుంది. కొన్ని బండ్లలో ఆ మూత లోపల ఇంజన్ ఆయిలే ఉంటుంది కనుక విప్పే ముందు కొత్త గాస్కెట్ (మూత అంచున ఆయిల్ కారకుండా ఆపే పొర) తెచ్చి పెట్టుకోండి. అంత పని వద్దనుకుంటే పాత హాలోజనే మళ్లీ వేసి, హోల్డరు, ఎర్తు కొనలను ఎమరీతో శుభ్రం చేసి, అద్దం వెనక వెండిపూత మాసిపోయి ఉంటే రిఫ్లెక్టరు మార్చండి. వెలుగులో తేడా ఆ రాత్రే కనిపిస్తుంది.