ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ఘనాల ప్రొజెక్షన్లు ఎంత ప్రయత్నించినా ఊహకు అందడం లేదు. ఎలా నేర్చుకోవాలి?

'ఊహకు అందడం లేదు' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఏడాదిపాటు నేనూ అదే మాట పట్టుకుని తిరిగాను. నాకు ఊహాశక్తి లేదు, అది పుట్టుకతో రావాలి, రానివాడు తలకిందులుగా తపస్సు చేసినా రాదు అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నా ఉద్యోగమంతా యంత్రభాగాల డ్రాయింగుల మధ్యే కాబట్టి కాస్త గట్టిగానే అంటున్నాను: ఘనాల ప్రొజెక్షన్లకు, అంటే ఘనాన్ని పై నుంచీ ముందు నుంచీ చూసినట్టు కాగితం మీద గీసే బొమ్మలకు, ఊహాశక్తి అక్కరలేదు. ఉంటే మంచిదే, కవిత్వం రాసుకోవచ్చు.

నా సంగతి చెబుతాను. మొదటి ఏడాది నా పేరు మీద ఉన్న షీట్లలో నేను గీసింది ఒక్కటీ లేదు. రెండు కుర్చీల మధ్య గాజు పలక, దాని కింద బల్బు, పలక మీద బాగా గీసే మిత్రుడి షీట్, ఆ పైన నా తెల్ల షీట్. వెలుగులో కనిపించిన గీతను కనిపించినట్టు మక్కికి మక్కీ దించేసేవాణ్ణి. మార్కులు బాగానే పడేవి. ఒకసారైతే నా షీట్ మిత్రుడి షీట్ కన్నా శుభ్రంగా ఉందని తరగతిలో అందరికీ చూపించారు. ఉండదా మరి? ఆలోచించి గీసినవాడు రెండుసార్లు తుడుపుతాడు, నేను తుడపాల్సిన అవసరమే రాలేదు. షీట్లు దిద్దేవారి మీద నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే. పలుచని నిర్మాణ రేఖలు, రబ్బరు మచ్చలు లేని షీట్ కనిపిస్తే అనుమానపడాలి గానీ మురిసిపోకూడదు.

పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇప్పటికీ నోటికి వస్తుంది. ఆధార భుజం 30 మి.మీ., అక్షం 60 మి.మీ. ఉన్న పంచభుజ పిరమిడ్ తన త్రిభుజ ముఖాల్లో ఒకదాని మీద నేలపై పడుకుని ఉంది. టాప్ వ్యూలో (పై నుంచి చూసిన బొమ్మలో) దాని అక్షం ఎక్స్‌వై రేఖతో (పై బొమ్మకూ ముందు బొమ్మకూ మధ్య గీసే అడ్డ గీతతో) 45 డిగ్రీలు చేస్తోంది. ప్రొజెక్షన్లు గీయండి. ఇలాంటి షీటు దించిన గుర్తుంది, ఆఖరి బొమ్మ ఎలా ఉంటుందో కూడా లీలగా గుర్తుంది. ఆ గుర్తుతో నేరుగా ఆఖరి బొమ్మే గీయబోయాను. నేల విడిచి సాము అంటే అదే. గంట తర్వాత కాగితం మీద ఉన్నది గుడ్డెద్దు చేలో పడ్డట్టు అటూ ఇటూ తొక్కేసిన గీతల గుట్ట. తప్పాను.

రెండోసారి పరీక్షకు మూడు వారాల ముందు, ఒక రాత్రి, వేరే దారి తోచక బట్టల సబ్బు తీసుకున్నాను. మొత్తం కొలతకు సబ్బు చాలదు కాబట్టి సగం కొలత: భుజం 15, అక్షం 30. కాగితం మీద పంచభుజి గీసి, కత్తిరించి, సబ్బు ముక్కకు అడుగున అంటించి, బ్లేడుతో చెక్కడం మొదలుపెట్టాను. మొదటి ముక్క పొడిపొడిగా రాలిపోయింది. రెండో ముక్కకు ఒక అంచు విరిగింది. మూడోది పిరమిడ్ అనదగ్గట్టు వచ్చింది. అడుగు మూలలకు బాల్‌పెన్నుతో ఎ, బి, సి, డి, ఇ అని, శిఖరానికి ఓ అని పేర్లు పెట్టాను. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని సగానికి తెరిచి, ఒక అట్ట బల్ల మీద పరిచి, రెండోది గోడలా నిలబెట్టాను. పరిచినది హెచ్‌పీ (హారిజాంటల్ ప్లేన్, అడ్డ తలం), నిలబెట్టినది వీపీ (వర్టికల్ ప్లేన్, నిలువు తలం), రెంటికీ మధ్య మడతే ఎక్స్‌వై రేఖ.

ముందు పిరమిడ్‌ను అడుగు మీద నిలబెట్టాను, ఎబి భుజం గోడకు లంబంగా ఉండేటట్టు. తర్వాత అదే భుజాన్ని ఇరుసుగా చేసుకుని ఓఎబి ముఖం మీదికి వాల్చాను. సబ్బు తనంతట తానే పడుకుంది. అక్షం నేలతో ఎన్ని డిగ్రీలు చేయాలో పరీక్షలో కూర్చుని తెగ బాధపడ్డాను. లెక్క వేస్తే అది సుమారు 19 డిగ్రీలు వస్తుంది, కానీ ఆ లెక్క ఎవరికి కావాలి? నిలబెట్టిన పిరమిడ్‌కు ముందు గీసిన ఫ్రంట్ వ్యూ త్రిభుజంలో ఆ ముఖం ఒక ఏటవాలు గీతగా కనిపిస్తుంది. ఆ గీత ఎక్స్‌వై మీదికి వచ్చేటట్టు త్రిభుజం మొత్తాన్ని తిరిగి గీస్తే చాలు, కోణం దానికదే వస్తుంది.

అప్పుడు పై నుంచి, ఒక కన్ను మూసుకుని చూశాను. అడుగు కనిపిస్తోంది! నా సబ్బుకు అంటించిన కాగితపు పంచభుజి, నొక్కేసినట్టు బక్కచిక్కి, ఐదు భుజాలతో నిక్షేపంగా కనిపిస్తోంది. పరీక్షలో ఆ భుజాలు కొన్నింటిని నేను చుక్కల గీతలతో గీశాను. ఎందుకంటే అది 'అడుగు', అడుగు పై నుంచి కనిపించదు కదా! పిరమిడ్ పడుకున్నాక అడుగు అడుగున ఉండదన్న ఇంగితం నాకు ఏడాదిలో రాలేదు, సబ్బుతో ఒక్క రాత్రిలో వచ్చింది. ఈ స్థితిలో పై నుంచి నిజంగా కనిపించని అంచులు రెండే, నేలకు ఆనిన ముఖం తాలూకు ఓఎ, ఓబి.

ఆ తర్వాత పిరమిడ్‌ను ఎత్తకుండా, పుస్తకం మీదే 45 డిగ్రీలు తిప్పాను. తిప్పుతూ ఉండగా ఒక విషయం గమనించాను. ఏ మూలా పైకి లేవడం లేదు, కిందికి దిగడం లేదు. డి మూల ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో గుండ్రంగా తిరుగుతోంది. అంటే తిప్పినప్పుడు టాప్ వ్యూ ఆకారం మారదు, దాని దిశ మాత్రమే మారుతుంది. అంతకుముందు వాల్చినప్పుడు కూడా ఏ మూలా గోడకు దగ్గర కాలేదు, దూరం కాలేదు. కాబట్టి ఫ్రంట్ వ్యూ ఆకారం మారదు, అది ఒరుగుతుంది, అంతే. ప్రతి అడుగులోనూ మారని బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని తిరిగి గీసి, రెండో బొమ్మను దాని నుంచి మూల మూలకూ గీతలు లాగి రాబట్టుకోవాలి. ఒక్కో మూలకు నిలువు గీత ఒక బొమ్మ నుంచి, అడ్డ గీత అంతకుముందటి బొమ్మ నుంచి వస్తాయి. రెండూ కలిసే చోట ఆ మూల పేరు రాయాలి. అన్ని పేర్లూ పడ్డాకే గీతలు కలపాలి. ఇందులో ఊహ ఎక్కడుంది చెప్పండి? ఇది దుకాణం పద్దు రాసుకోవడం లాంటి పని. మూలలకు పేర్లు పెట్టకుండా గీసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఏ గీత నిండుగా, ఏది చుక్కలుగా అన్నది చాలామందికి గండం. బొమ్మకు బయటి అంచు ఎప్పుడూ నిండు గీతే. లోపల, టాప్ వ్యూకైతే ఫ్రంట్ వ్యూలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న మూల తప్పక కనిపిస్తుంది, కాబట్టి దాని నుంచి వెళ్లే అంచులు చాలావరకు నిండుగానే వస్తాయి. ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో (ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ కింద గీసే పద్ధతి) ఫ్రంట్ వ్యూకైతే టాప్ వ్యూలో ఎక్స్‌వైకి అన్నిటికన్నా దూరంగా, కిందగా ఉన్న మూల మనకు దగ్గరిది. ఇక రెండు అంచులు మూల లేని చోట ఒకదాన్నొకటి దాటాయంటే వాటిలో ఒకటి చుక్కల గీత కావలసిందే. పిరమిడ్, ప్రిజమ్ (రెండు కొసలా ఒకే ఆకారం ఉన్న దిమ్మె) లాంటి ఘనాలకు చాలావరకు ఈ మూడు మాటలు చాలు. మొదటిరోజే చెప్పాల్సిన ఈ మాటలు నాకు చెప్పినవారు లేరు. బోర్డు మీద ఆఖరి బొమ్మ చకచకా గీసి 'ఊహించుకోండి' అని వెళ్లిపోయేవారు. ముందు చూపు లేనివాడికి ఫ్రంట్ వ్యూ రాదని ఒక హాస్యం కూడా.

అసలు ఈ విద్య పుట్టిందే ఊహనూ లెక్కనూ తప్పించుకోవడానికి. గస్పార్ మోంజ్ అనే ఫ్రెంచ్ యువకుడు మెజియేర్‌లోని సైనిక ఇంజినీరింగ్ పాఠశాలలో, కోట గోడలు శత్రువు ఫిరంగికి చిక్కకుండా ఎంత ఎత్తు లేపాలన్న సమస్యను బారెడు అంకగణితం లేకుండా గీతలతోనే తేల్చేశాడు. అంత త్వరగా ఎలా వస్తుందని పైఅధికారి మొదట ఆ జవాబు చూడనే లేదంటారు. తర్వాత దాన్ని ఏళ్ల తరబడి సైనిక రహస్యంగా దాచారు. 1795లో గానీ ఆయన దాన్ని బహిరంగంగా పాఠాలుగా చెప్పలేకపోయాడు. యుద్ధ రహస్యం అని చెప్పి మొదలుపెడితే ఏ కుర్రవాడు నిద్రపోతాడు? మనం మాత్రం పెన్సిల్ గ్రేడుల పట్టికతో మొదలుపెడతాం.

కంప్యూటర్‌లో మోడల్ చేసి మౌస్‌తో తిప్పి చూస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఎటు కావాలంటే అటు తిరిగే వస్తువును చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, కాగితం ముందు కూర్చుంటే తెల్లకాగితమే మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోండి, రెండు నెలల పని. వీడియోలు చూసి నేర్చుకోవడం కూడా నా దృష్టిలో గాజు పలక కింద బల్బు పెట్టడమే.

సెక్షన్ల దగ్గరా సబ్బే పనికొస్తుంది, కోసి చూస్తే కోత ముఖం కళ్లెదుటే ఉంటుంది. డెవలప్‌మెంట్‌కు, అంటే ఘనం పైతొడుగును విప్పి చదునుగా పరిచే బొమ్మకు, మాత్రం కొవ్వొత్తి తీసుకోండి. దానికి కాగితం నాలుగైదు చుట్లు బిగించి, కాగితంతో సహా ఏటవాలుగా కోసి, కాగితం విప్పండి. అంచు అలలు అలలుగా వస్తుంది. అది సైన్ వక్రం. ఏటవాలుగా కోసిన సిలిండర్ డెవలప్‌మెంట్‌లో పై అంచు అలా ఎందుకు వంకర తిరుగుతుందో ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. శంకువుకు ఇంకా తేలిక: వ్యాసార్ధాన్ని ఏటవాలు పొడవుతో భాగించి 360తో గుణిస్తే విప్పిన ముక్క కోణం వస్తుంది. వ్యాసార్ధం 25, ఏటవాలు పొడవు 75 అయితే 120 డిగ్రీలు. కత్తిరించి చుట్టి చూడండి, అతుకు సరిగ్గా కలుస్తుంది.

ఐసోమెట్రిక్ (ఘనం మూడు వైపులూ ఒకే బొమ్మలో కనిపించేటట్టు గీసే పద్ధతి) గురించి ఎక్కువ చెప్పను, అది వీటికన్నా తేలిక. అయినా అందరూ దానికే ముందు భయపడతారు. ఒక్క గోళం దగ్గర జాగ్రత్త. ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో మూడు అక్షాల వెంట ఉన్న కొలతలన్నీ 0.816 వంతుకు తగ్గుతాయి, గోళం మాత్రం అసలు వ్యాసార్ధంతోనే వృత్తంగా వస్తుంది. ఏ వైపు నుంచి చూసినా బంతి బంతే కదా.

నా పిరమిడ్ ఏమైందంటే, మర్నాడు గదిలో ఉండే మిత్రుడు, అదే ఆ షీట్లు ఇచ్చినవాడు, దాన్ని సబ్బు ముక్కే అనుకుని రెండు చొక్కాలు ఉతికేశాడు. తిరిగి ఇచ్చేటప్పటికి మూలలన్నీ అరిగిపోయి, ఎ, బి, సిలు చెరిగిపోయి, కోడిగుడ్డుకూ శంకువుకూ మధ్య ఏదోలా ఉంది. రెండోసారి పరీక్షలో షడ్భుజ ప్రిజమ్ ఒక మూల మీద నిలబడి వచ్చింది. సబ్బు లేకుండానే గీశాను. తుడిపిన మచ్చలు బోలెడు.