సోలార్ డబ్బుకు లెక్క ఎవరు చెప్పాలి?

ప్రశ్న: మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మీద సోలార్ ప్యానెళ్లు బిగించి వెళ్లారు. కరెంటు పోతే ఇప్పటికీ చీకటే, టీకాల ఫ్రిజ్ గురించి టెన్షన్. ఎంత ఖర్చయిందో ఎవరూ చెప్పడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. ‘ఎందుకు పనిచేయడం లేదు’ అని రాస్తే దాటేస్తారు, అందుకే కాగితాలే అడగండి: మంజూరు ఉత్తర్వు, వర్క్ ఆర్డరు, చెల్లించిన బిల్లులు, నిర్వహణ ఒప్పందం. నా దృష్టిలో ఆ చివరిదే అసలు కీలకం, ఎందుకంటే ప్యానెళ్లు పాతికేళ్లయినా ఉంటాయి కానీ బ్యాటరీలు చాలా ముందే పోతాయి, వాటిని మార్చే డబ్బు ఎవరు పెట్టాలో అందులోనే తేలాలి. పనిని స్వయంగా తనిఖీ చేస్తామని కూడా రాయండి, ఆ హక్కు చట్టంలోనే ఉంది.

దరఖాస్తు వేరే శాఖకు చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలోని పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదికలు కూడా అసెంబ్లీలో పెట్టాక ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవచ్చు, అయితే ఆడిట్‌లో నమూనాగా కొన్ని చోట్లే చూస్తారు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి, అప్పీలుకు అది కావాలి.