అడవిలో ఒక్క చెట్టే ఎందుకు గెలవదు?

ప్రశ్న: మా ఊరి చుట్టూ జామాయిల్ తోటలే, ఎటు చూసినా ఒకటే చెట్టు. అమెజాన్ లాంటి అడవుల్లో మాత్రం కొంచెం జాగాలోనే వందల రకాలుంటాయట. అన్నిటికీ కావాల్సింది అదే ఎండ, అవే నీళ్ళు కదా, బాగా పెరిగేదొకటి మిగతావాటిని తొక్కేయదా? (ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా)

జవాబు: యాభై ఏళ్ళ పైనుంచి సైంటిస్టులు కొట్టుకుంటున్న ప్రశ్నే అడిగారు, పూర్తిగా తేలలేదు గానీ చాలావరకు దారి దొరికింది. ముందు లెక్క చూడండి. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే చుట్టూ మునిగిపోయి ఒక కొండ దీవిలా మిగిలింది, పేరు బారో కొలరాడో. 1980ల మొదట్లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ అని ఇద్దరు సైంటిస్టులు అక్కడ 50 హెక్టార్లు, అంటే సుమారు 125 ఎకరాలు, కొలిచి అందులో సెంటీమీటర్ లావున్న బుల్లి మొక్క నుంచి మాను దాకా అన్నీ లెక్కపెట్టించారు. రెండు లక్షలు దాటాయి, జాతులు 300 దాకా తేలాయి. మలేషియాలో సారవాక్ వైపు లంబిర్ అనే చోట ఇంచుమించు అంతే జాగాలో 1,200 దాకా ఉన్నాయి. యూరప్ మొత్తానికి సొంత చెట్టు జాతులు 450 చిల్లర, అదీ సంగతి.

ఇక ఎందుకు అంటే, 1970లో డాన్ జాంజెన్, మరుసటేడు జోసెఫ్ కానెల్ అనే సైంటిస్టులు, ఎవరికి వాళ్ళు ఒకటే మాట చెప్పారు: చెట్టు మీద పడి బతికే పురుగుల్నీ తెగుళ్ళనీ చూడండి అని. ఇవి చాలామటుకు ఫలానా చెట్టునే పట్టుకునే రకాలు, తల్లిచెట్టు కింద గింజలు గుట్టలుగా రాలతాయి కాబట్టి ఇవీ అక్కడే తిష్ట వేస్తాయి, దాంతో తల్లి నీడలో మొలిచిన పిల్ల బతకడం కష్టం, ఏ పక్షో గబ్బిలమో దూరంగా పడేసిన గింజకే ఛాన్స్ ఎక్కువ, ఇక్కడ ఖాళీ అయిన చోట వేరే జాతి లేస్తుంది. ఏది ఎక్కువైతే దానికే దెబ్బన్నమాట. మధ్య అమెరికాలోని బెలిజ్ అడవిలో కొన్నిచోట్ల, తెగుళ్ళు తెచ్చే ఫంగస్‌ని (బూజు జాతిని) చంపే మందు కొట్టి చూస్తే అక్కడి మొలకల్లో రకాలు తగ్గిపోయాయి (2014లో వచ్చింది ఆ పేపర్). ఫంగస్ పోతే వెరైటీ పోయింది, నాకైతే ఇది గట్టి సాక్ష్యమే.

ఒకే చెట్టుని గుంపుగా నాటితే ఏమవుతుందో చూడండి. హెన్రీ ఫోర్డ్, అవును కార్ల ఫోర్డే, 1928లో బ్రెజిల్‌లో తపజోస్ నది పక్కన రబ్బరు తోటలు మొదలుపెట్టాడు. అడవిలో రబ్బరు చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉండి బతికేవి, ఈయన మనుషులేమో దగ్గరదగ్గరగా వరసలు నాటారు, ఫంగస్ తెచ్చే ఆకు తెగులు ఊడ్చేసింది, చోటు మార్చినా కలిసి రాక 1945లో బ్రెజిల్ ప్రభుత్వానికే అప్పజెప్పి వెళ్ళిపోయారు. అదే రబ్బరు మలేషియాలో, మన కేరళలో తోటలు తోటలుగా పెరుగుతోందంటే ఆ ఫంగస్ ఇటువైపు రాలేదు కాబట్టే. మీ జామాయిల్ కూడా ఆస్ట్రేలియా నుంచి శత్రువుల్ని అక్కడే వదిలేసి వచ్చిందే, కానీ 2000 తర్వాత ఓ బుల్లి కందిరీగ వెతుక్కుంటూ వచ్చి ఆకుల మీద బుడిపెలు లేపింది, మీవైపు రైతుల్ని అడిగితే చెప్తారు.

అన్నిటికీ ఇదొక్కటే కారణం అనను. పెద్ద చెట్టు కూలి ఎండ పడ్డ చోట లేచేవి కొన్ని, నీడలో ఏళ్ళ తరబడి ఓపిగ్గా ఉండేవి కొన్ని, ఇసుక నేల పడేవి కొన్ని, బంకమట్టి పడేవి కొన్ని. ఆ హబ్బెలే 2001లో, జాతుల మధ్య తేడాలేవీ లేవనుకుని ఏది చచ్చిందీ ఏది ఆ చోటు పట్టిందీ అంతా అదృష్టం మీదే నడిచిందనుకున్నా లెక్క దగ్గరగా వస్తుందని ఏకంగా పుస్తకమే రాశాడు, చాలామందికి ఒళ్ళు మండింది. నా ఓటు మాత్రం ఫంగస్‌కే.

ప్రశ్న: మన నల్లమలలో కూడా ఇన్ని రకాలుంటాయా సార్? (ఓ డిగ్రీ స్టూడెంట్, మార్కాపురం)

జవాబు: అన్ని ఉండవు బాబూ. నల్లమల లాంటి ఎండు అడవే తమిళనాడులో ముదుమలై, 1988లో బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ నుంచి సుకుమార్ గారి టీమ్ అక్కడ ఇలాంటి 50 హెక్టార్ల ప్లాటే పెడితే జాతులు 70 అటూఇటూ తేలాయి, అందులోనూ టేకు, నల్లమద్ది, చిరుమాను లాంటి మనకి తెలిసినవే ఎక్కువ. నెలల తరబడి వాన ఉండదు, కార్చిచ్చులు, పైగా ఏనుగులు విరిచేస్తాయి, ఇవన్నీ తట్టుకున్నవే మిగులుతాయి. ఫంగస్‌కీ తడి కావాలి కదా, ఎండు అడవిలో దాని జోరు తక్కువనీ ఒక వాదన ఉంది. కాస్త ఎక్కువ రకాలు చూడాలంటే మారేడుమిల్లి వైపు వెళ్ళు, అక్కడ వానలెక్కువ.