అవుట్‌బోర్డ్ మోటారును నెమ్మదింపజేయాలంటే పెయింట్ బకెట్లు కొనండి

మీ దగ్గర ఐదు హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్, అంటే పడవ వెనక అంచుకు బిగించే మోటారు, ఉంది. థ్రాటిల్ ఇవ్వకుండా ఐడిల్‌లో పెట్టినా పడవ ఉరుకుతోంది, వెనకాల ఎర లాగుతూ ట్రోలింగ్ చేయడానికి అది మరీ ఎక్కువ. ఐడిల్ స్క్రూ తిప్పి తగ్గించుకోవచ్చా అని అడిగారు.

వద్దు. స్క్రూ జోలికి పోకండి. పెయింట్ షాపులో రెండు 20 లీటర్ల ఖాళీ బకెట్లు అడిగి తెచ్చుకోండి, మీ పని అయిపోతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ స్క్రూ నేను తిప్పి చూశాను.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్. చుట్టుపక్కల ఎక్కడా పడవ దించే వీల్లేదు. మోటారు రాణీగంజ్‌లో ఒక పాత సామాన్ల షాపులో కొన్నాను. "కొత్తదే అనుకోండి సార్" అన్నాడు. ఎంత కొత్తదో తరువాత తెలిసింది, అది వేరే కథ. ఒక ఆదివారం పొద్దున టెర్రస్ మీద 200 లీటర్ల నీలం డ్రమ్ములో నీళ్లు నింపి, అంచుకు మోటారు బిగించి, నేనూ మా బావమరిదీ స్టార్ట్ చేశాం. నీళ్లు లేకుండా నడిపితే కూలింగ్ పంపులో నీళ్లు తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) కాలిపోతుంది కాబట్టి డ్రమ్ము తప్పదు. స్క్రూ కొంచెం కొంచెం వదులు చేస్తూ పోతే టుక్కుటుక్కుమంటూ ఎంత ముద్దుగా తిరిగిందో! గెలిచేశాం అనుకున్నాం. పక్కనే మూడో ఫ్లోర్ ఆంటీ ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీదికి నీలం పొగంతా పోతోందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. ఆ రోజు నుంచి అసోసియేషన్ మీటింగ్‌లో లీకేజీ గురించి మాట్లాడినా చివరికి నా మోటారు దగ్గరికే వస్తుంది.

తరువాతి వారం దేవరకొండ దాటి, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ వైపు వెళ్లాం. అక్కడ విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలున్నాయి. వాళ్లలో లైసెన్సున్న ఒక పెద్దాయన తన పన్నెండడుగుల ఫైబర్ పడవకు మా మోటారు బిగించుకోనిచ్చి, తానూ ఎక్కాడు. లైఫ్ జాకెట్లు వేసుకుని బయలుదేరాం. గేరు ముందుకు వేయగానే ఇంజిన్ గుక్కుమని ఆగిపోయింది. మళ్లీ తాడు లాగాం, మళ్లీ ఆగింది. ఎనిమిదోసారికి బావమరిది భుజం పట్టేసింది. డ్రమ్ములో మేం సెట్ చేసింది న్యూట్రల్‌లో. గేరు పడితే ప్రొపెల్లర్ నీటిని తోయాలి, ఆ బరువుకు తిరిగే వేగం ఇంకా పడిపోతుంది. ఈ ముక్క రాణీగంజ్‌లో ఒక్కడూ చెప్పలేదు. సిటీ మెకానిక్‌లకు బండి ఏదైనా ఐడ్లింగ్ తగ్గించడమే మందు.

స్క్రూ కాస్త పెంచి ఎలాగో ఒక గంట నెమ్మదిగా తిప్పాం. ఫోన్‌లో చూస్తే గంటకు ఆరు కిలోమీటర్లు, అదీ ఎక్కువే. వాలుగ కోసం వదిలిన ఎర ఈదడం మానేసి గిరగిరా తిరుగుతూ పైకి తేలిపోతోంది. మనిషి తీరిగ్గా నడిచే వేగం, అంటే మూడు నాలుగు కిలోమీటర్లు కావాలి. ఇంతలో మధ్యాహ్నం గాలి లేచింది. వెనక్కి తిరుగుదామని థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ దగ్గి, దగ్గి, ఆగిపోయింది. గాలి మమ్మల్ని నీళ్లలోంచి పొడుచుకొచ్చిన చెట్ల మోడుల వైపు నెడుతోంది. టెన్షన్‌తో నాకు నోరెండిపోయింది.

పెద్దాయన మాత్రం తొణక్కుండా స్పార్క్ ప్లగ్ విప్పి చూపించాడు. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంది. "ఏటి బాబూ, దీనికి నూని తాగించేసి పడుకోబెట్టేసినారేటి" అన్నాడు. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి ఉంటుంది కదా. మరీ నెమ్మదిగా తిరిగితే ప్లగ్ తగినంత వేడెక్కదు, ఆయిల్ పూర్తిగా కాలక దానికే పట్టేస్తుంది. అలాగని ఆయిల్ తగ్గించి పోసేరు, పిస్టన్ బిగుసుకుపోతుంది. మీ మోటారుకు 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు పోయాల్సిందే.

ప్లగ్ తుడిచి బిగించాక ఆయన చెప్పిన మాటే నా జవాబు మొత్తం: "ఇంజిన్ని తగ్గించకూడదు బాబూ, పడవని పట్టుకోవాల." అలా అంటూనే మా అన్నం గిన్నెలు తెచ్చిన బకెట్ ఖాళీ చేసి, తాడు కట్టి పక్కన వదిలాడు. పడవ వెంటనే బరువెక్కింది. ఇంజిన్ మాత్రం హాయిగా, ఐడిల్ కంటే కొంచెం పైనే తిరుగుతోంది. పది నిమిషాల్లో బకెట్ పిడి ఊడి, బకెట్ సాగర్ పాలైంది. మా ఆవిడది.

అందుకే పిడికి కట్టకండి. అంచు కింద నాలుగు చిల్లులు పెట్టి నాలుగు తాళ్లు తీసి, ఒక ముడిలో కలపండి. అడుగున బొటనవేలంత చిల్లులు ఐదారు వేస్తే బకెట్ గుంజుకోకుండా నిలకడగా వస్తుంది. పడవకు రెండు పక్కలా, నడిమికి ఒక్కోటి కట్టండి. తాడు ప్రొపెల్లర్ దాకా అందకూడదు, మూడడుగులు చాలు. మాకు ఇప్పుడు మూడున్నర కిలోమీటర్లు వస్తోంది, గాలిలో పడవ ముక్కు కూడా అటూ ఇటూ పోవడం లేదు. చేప పడగానే మాత్రం ముందు బకెట్లు పైకి లాగాలి. మొదటి వాలుగ మా తాడు చుట్టూ తిరిగి దారం తెంపుకుని పోయింది. ఎంత పెద్దదని అడిగితే నేనూ బావమరిదీ వేర్వేరు లెక్కలు చెబుతాం.

తక్కువ పిచ్ ప్రొపెల్లర్, అంటే ఒక్కో చుట్టుకు పడవను తక్కువ దూరం తోసేది, వేసుకోవచ్చు, అదీ పనిచేస్తుంది, కానీ చిన్న మోటార్లకు దొరకడం కష్టం, తిరుగు ప్రయాణంలో వేగమూ తగ్గుతుంది. ఫోర్-స్ట్రోక్ అయితే నెమ్మదిగా నడవడంలో ఇంత పేచీ పెట్టదు. ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు కొనమనేవాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లు ఒక్కసారి దాన్ని నడిపే 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీని లిఫ్ట్ పనిచేయని రోజున నాలుగో ఫ్లోర్ నుంచి దించి చూడాలి.

బకెట్లలో ఒకటి మీకు ఇచ్చేవాణ్ణే. అడుగున చిల్లులున్నాయి కదా అని మా ఆవిడ రెంటిలోనూ మట్టి నింపి మెంతికూర వేసింది. అది కోసేదాకా నాకూ సాగర్ లేదు.