ముందు గోడలు కాదు అల్లుడా

అల్లుడా,

అక్కయ్య ఫోన్లో చెప్పింది, ధర్మాబాద్ దాటాక గోదావరి వైపున్న మన రెండెకరాల చేన్లో యోగా బడి పెడతావట, పిల్లలు అక్కడే ఉండి నేర్చుకునేలా పన్నెండు గదులు వేయిస్తావట, ఇటుకల బేరం కూడా అయిపోయిందట. చాలా సంతోషమేసింది. కానీ ఇటుకలాయనకు ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు, ముందు ఈ ఉత్తరం చదువు.

మన మహారాష్ట్రలోనే లోనావాలాలో కైవల్యధామ అనే యోగ సంస్థ ఉంది. రిటైరయ్యాక నేను అక్కడ కొన్ని వారాలు ఉండి వచ్చాను, నీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని పెట్టిన స్వామి కువలయానంద అసలు పేరు జగన్నాథ్ గణేశ్ గుణే, 1883లో పుట్టారు. ఆయన ముందు బరోడాలో మాణిక్‌రావు గారి దగ్గర వ్యాయామం నేర్చుకున్నారు, తర్వాత అమల్నేర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పారు, నర్మద ఒడ్డున మాల్సర్‌లో పరమహంస మాధవదాస్ గారి దగ్గర యోగం నేర్చుకున్నారు. ఇవన్నీ అయ్యాకే 1924లో లోనావాలాకు వచ్చారు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. నీకు ఇరవై ఎనిమిది. తొందరేముంది చెప్పు?

నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇంకొకటుంది. పొట్ట కండరాలను తిప్పే నౌళి క్రియ మన యోగులు తరతరాలుగా చేస్తున్నదే, కానీ ఆ సమయంలో లోపల ఏం జరుగుతుందో కొలిచి చూడాలని ఆయనకు తోచింది. సంస్థ పెట్టకముందే బరోడా ఆసుపత్రిలో నౌళి మీద, ఊపిరి పూర్తిగా వదిలి పొట్టను లోపలికి లాగే ఉడ్డియాన మీద పరీక్షలు మొదలుపెట్టారు. నౌళిలో పేగు లోపలి పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గుతుందని కనిపెట్టి, దానికి గురువు పేరు మీద మాధవదాస్ వాక్యూమ్ అని పేరు పెట్టారు! ఆ పరీక్షల వివరాలు రాయడానికి 1924లోనే యోగ మీమాంస పత్రిక మొదలుపెట్టారు. అంటే పరీక్ష, పత్రిక ముందు వచ్చాయి, విద్యార్థుల కోసం కాలేజీ అయితే సంస్థ పుట్టిన పాతికేళ్లు దాటాక వచ్చింది. నువ్వేమో పన్నెండు గదులతో మొదలుపెడతానంటున్నావు.

అదే గురువుకు ఇంకో శిష్యుడు శ్రీ యోగేంద్ర. ఆయన 1918లో ముంబై వెర్సోవాలో, దాదాభాయ్ నౌరోజీ గారి ఇంట్లో యోగా ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. సంసారంలో ఉన్న మామూలు మనుషులకు యోగం అందాలన్నది ఆయన పట్టుదల. మనకూ చేన్లో తాత కట్టిన పెంకుటిల్లు ఉంది కదా, పైకప్పు బాగు చేయిస్తే నలుగురు ఉండొచ్చు. ఆ నలుగురితో మొదలుపెట్టు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. పదేళ్ల కింద ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక హాలు అద్దెకు తీసుకుని క్లాసులు పెట్టాం. మూడో రోజు ఒక పెద్దాయన కపాలభాతి, అంటే వేగంగా ఊపిరి వదిలే క్రియ, చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాడు. బీపీ ఉందట, మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. దేవుడి దయ, గంటలో తేరుకున్నాడు కానీ నాకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే చెప్తున్నా, చేరే ప్రతి మనిషినీ బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా, హెర్నియా ఉందా, ఆపరేషన్ అయ్యిందా, ఆడవాళ్లయితే గర్భం ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకో. బీపీ ఉన్నవాళ్లకు వేగంగా ఊపిరి వదిలే క్రియలు, ఊపిరి బిగబట్టడం వద్దు, హెర్నియా ఉన్నవాళ్లకు ఉడ్డియాన వద్దు. అంతా ఖాళీ కడుపుతోనే.

వాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి అసలు పని క్లాసు బయటే ఉంటుంది. పొద్దున ఐదింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు లైట్లు ఆరాలి. అది నువ్వు కూడా పాటించాలి, లేకపోతే ఎవరూ పాటించరు. వంట మనిషిని ఆసనాలు నేర్పే మనిషికన్నా జాగ్రత్తగా చూసుకో, జొన్నరొట్టె, పప్పు, మజ్జిగ చాలు, మన దగ్గర దొరికే మిరప కారం మాత్రం బాగా తగ్గించాలి. ఆడపిల్లలకు గది, స్నానాల గది వేరుగా ఉండాలి, రాత్రి ఒక పెద్దావిడ అక్కడే పడుకోవాలి, అది కుదిరేదాకా ఆడపిల్లలను చేర్చుకోకు. వానాకాలంలో చేనుకు దారి ఉంటుందా, ఎండాకాలంలో బావిలో నీళ్లు ఉంటాయా, ఈ రెండూ ఒక ఏడాది కళ్లతో చూడు. మరాఠీ, తెలుగు రెండింట్లోనూ చెప్పు, మన పిల్లలకు సంస్కృతం పేర్లు తర్వాత వస్తాయి.

ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెడుతుంది, ఆ పరీక్ష కూడా రాయి. కానీ దానికన్నా ముందు నువ్వే వెళ్లి ఎక్కడైనా విద్యార్థిగా ఉండి రా. లోనావాలా అయితే నాందేడ్‌లో పుణె రైలెక్కు, పుణె నుంచి లోకల్ ఉంటుంది. వానాకాలంలో వెళ్తే గొడుగు, స్వెటర్ రెండూ పెట్టుకో, అక్కడ బట్టలు ఆరవు. నా పాత నోట్సు మీ అత్త బీరువాలో భద్రంగా దాచింది, ఆదివారం వచ్చి తీసుకెళ్లు, బావి దగ్గర కూర్చుని ఇంకొంచెం మాట్లాడుకుందాం.

మీ మామ