తిరిగి పంపే టికెట్టు ఖర్చు సరే, రప్పించినప్పుడు గుంజింది ఎవరు లెక్కేస్తారు?

ప్రశ్న: అమెరికాలో పత్రాలు లేకుండా ఉంటున్నవాళ్ళందరినీ పంపించెయ్యాలంటే నిజంగా ఎంత ఖర్చవుతుంది? అంత డబ్బు పెట్టడం దండగ కాదా?

అమెరికా మొహం నేను చూడలేదు. కానీ ఒక దేశం నన్ను వెనక్కి పంపించింది, అదీ విమానం టికెట్టు తనే పెట్టుకుని. అందుకే ఈ విషయంలో, టీవీలో కోటు వేసుకుని అరిచేవాళ్ళ కంటే నాకు మాట్లాడే హక్కు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నా.

ముందు మీరడిగిన అంకెలు చెప్పేస్తాను. అమెరికన్ ఇమ్మిగ్రేషన్ కౌన్సిల్ అనే సంస్థ 2024 అక్టోబరులో లెక్కగట్టి, అందరినీ ఒకేసారి పంపితే తక్కువలో తక్కువ 31,500 కోట్ల డాలర్లు అవుతుందని చెప్పింది. వాళ్ళు వలసవచ్చినవాళ్ళ పక్షం, ఎక్కువేసి చెప్పుంటారు అంటారా, సరే, ప్రభుత్వం మాటే తీసుకోండి. ఒక మనిషిని పట్టుకుని, నిర్బంధంలో పెట్టి, పంపించడానికి సగటున 17,121 డాలర్లు అవుతోందని 2025 మేలో వాళ్ళ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే చెప్పింది. మన డబ్బుల్లో పద్నాలుగు లక్షల పైమాటే. అందుకే, మీ అంతట మీరే పోతామని యాప్‌లో నమోదు చేసుకుంటే టికెట్టు కొనిచ్చి చేతిలో 1,000 డాలర్లు పెడతామన్నారు. ఒకపక్క ఈ బేరం పెడుతూనే, ఇంకోపక్క 2025 జులై 4న సంతకమైన చట్టంలో సరిహద్దు కాపలాకీ ఈ పట్టుకుని పంపించే పనికీ కలిపి దాదాపు 17,000 కోట్ల డాలర్లు రాసుకున్నారు. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో 104 మందిని దింపిన మిలిటరీ విమానం గుర్తుందా? ఆ రకం విమానం గాల్లో ఒక గంట ఉంటే 28,500 డాలర్లట. అమెరికా నుంచి పంజాబ్‌కి ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి.

దండగా అంటే దండగే. అయితే నా కారణం వేరు, అది కువైట్‌లో ఒక స్కూలు గదిలో తెలిసొచ్చింది.

మాది రైల్వే కోడూరు దగ్గర. మా పక్క ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళు ఒకసారి వచ్చి చూసి పోండి. 2011లో ఇంటి డ్రైవర్ వీసా మీద వెళ్ళాను, అదే 20 నంబర్ వీసా అంటారు. ఏజెంటుకి లక్షా ఇరవై వేలు కట్టాను. రిజిస్టరైన ఏజెంటు మన చట్టం ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని ఇప్పుడు అందరూ నాకు చెబుతారు. అప్పుడు చెప్పినవాడు ఒక్కడూ లేడు. చెప్పినా ఏం చేసేవాడిని, ఆ రేటుకి వీసా ఇచ్చేవాడు మా పక్క దొరికితే కదా.

బాబా దగ్గర, అంటే యజమాని దగ్గర, నాలుగున్నరేళ్ళు బాగానే నడిచింది. తర్వాత అయిదు నెలలు జీతం ఆపేశాడు. అడిగితే "బుక్రా, బుక్రా" అనేవాడు, రేపు రేపు అని. ఒకరోజు బండి తాళాలు వంటింట్లో పెట్టి బయటికి నడిచాను. ఆయన పరారీ కేసు పెట్టాడు. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, పోయింది, ఖల్లివల్లి అయిపోయాను. గల్ఫ్ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, అరబ్బీలో అది "పోనీలే, వదిలెయ్" లాంటి మాట, మనవాళ్ళు దాన్ని కాగితాలు లేని మనిషికి పేరు చేసేశారు. అంతకంటే సరైన పేరు ఎవరూ పెట్టలేరులెండి.

తమాషా ఏమిటంటే కాగితాలు పోయాకే నా సంపాదన పెరిగింది. వలస కూలీలు ఎక్కువగా ఉండే హసావీ పేటలో ఒక హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి దోసెల మాస్టర్ అయ్యాను, డ్రైవర్‌గా 80 దినార్లు వచ్చేచోట 180 వచ్చేవి. వీధిలో చెకింగ్ అని ఫోనొస్తే పెనం కింద మంట ఆపి మేడ మీద నీళ్ళ ట్యాంకుల వెనక్కి పరుగు. 2018లో క్షమాభిక్ష ఇచ్చారు, జరిమానా లేకుండా పోవచ్చన్నారు. నేను పోలేదు, కూతురి పెళ్ళి అప్పు ఇంకా నెత్తిమీదే ఉంది.

2020లో కరోనా వచ్చింది. ఏప్రిల్ 6 నుంచి హసావీ చుట్టూ కంచె వేసి మూసేశారు, లోపలివాళ్ళు లోపలే. హోటల్ మూత, గదిలో తొమ్మిదిమందిమి. అదే నెలలో కువైట్ ప్రభుత్వం మళ్ళీ క్షమాభిక్ష ప్రకటించింది. ఈసారి జరిమానా మాఫీ చెయ్యడమే కాదు, పోయేదాకా ఉండటానికి చోటు, తిండి, విమానం టికెట్టు అన్నీ వాళ్ళవే. జరిమానా అంటే అప్పట్లో రోజుకి 2 దినార్లు, 600 దినార్ల దాకా పెరిగి ఆగేది. అప్పటి రేటులో దాదాపు లక్షన్నర. అది లేదంటే ఎవరు ఆగుతారు, బ్యాగు సర్దేశాను.

క్యాంపు అంటే ఒక స్కూలు. క్లాసురూముల్లో బెంచీలు తీసేసి మంచాలు వేశారు. మా గదిలో పదకొండు మంచాలు. ఇక్కడ ఇండియాలో విమానాలు బంద్ కాబట్టి అయిదు రోజులనుకున్నది అయిదు వారాలు అయింది. వేరే క్యాంపులో ఈజిప్టు వాళ్ళు ఓపిక పోయి గొడవ చేశారని తెలిసినప్పటి నుంచి మా గేటు దగ్గర పోలీసులు పెరిగారు. పొద్దస్తమానం పప్పు, అన్నం, పడక.

నా పక్క మంచం రాయచోటి భాయ్. యాభై దాటిన మనిషి, టైల్స్ పని. ఒకరోజు మధ్యాహ్నం, గోడకున్న తెల్లబోర్డు కింద ఇంకు అయిపోవచ్చిన ఆకుపచ్చ మార్కర్ ఒకటి దొరికింది ఆయనకి. లేచి బోర్డు దగ్గర నిలబడి, "రేయ్, మనల్ని పంపీడానికి మనిషికి 80 దినార్లు టికెట్టు అనుకో. వచ్చేదానికి మనం ఎంత పెట్టినామో ఒక్కొక్కడు చెప్పండ్రా" అన్నాడు. మొదట ఎవరూ మాట్లాడలేదు, సిగ్గు. నేను నాది చెప్పాను, అప్పటి రేటులో 700 దినార్లు. కోనసీమ కుర్రాడొకడు 1,500 అన్నాడు, ఫ్రీ వీసా కొనుక్కుని వచ్చాడట. పేరుకే ఫ్రీ అది. కఫీల్‌కి, అంటే వీసా తన పేరు మీద ఇప్పించే అక్కడి యజమానికి, డబ్బు కట్టి వీసా కొనాలి, పని మనమే వెతుక్కోవాలి, ఏటా అకామా కొట్టించడానికి మళ్ళీ ఆయనకే కట్టాలి, ఆ ఏడు కట్టలేకపోతే ఖల్లివల్లి. భాయ్ తన పేరుకి ఎదురుగా రెండు అంకెలు రాశాడు, 900 ఒకటి, 1,300 ఒకటి. రెండెందుకు భాయ్ అంటే, "నేను 2018 క్షమాభిక్షలో పోయి మళ్ళా వచ్చినోణ్ణి కదరా" అన్నాడు. గదంతా నవ్వు. ఆయనా నవ్వాడు.

మొత్తం కూడితే 12,650 దినార్లు, మన డబ్బుల్లో ముప్పై లక్షల పైనే. ఏటేటా కట్టిన అకామా డబ్బు కాకుండానే. కింద టికెట్ల లెక్క వేశాడు, పదకొండు ఎనభైలు, 880. కాపలా పోలీసు కుర్రాడు లోపలికి వచ్చి బోర్డు చూసి "షినూ హాదా?" అన్నాడు, ఇదేమిటని. పేకాట మార్కులు బాబా అన్నాడు భాయ్. పాపం ఆ కుర్రాడు ఎవరు గెలిచారని అడిగాడు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. పంపించడానికి ఎంత అని అందరూ అడుగుతారు. ఆ 880 ప్రభుత్వం పెట్టింది, నిజం, థాంక్స్. మరి 12,650 ఎవరి జేబులోకి పోయింది? ఇక్కడి ఏజెంటు, అక్కడి ఏజెంటు, వీసా అమ్ముకున్న కఫీల్, వీళ్ళు ముగ్గురూ ఆ స్కూల్లో లేరు. పైగా మనం పోతే వాళ్ళకి నష్టమేమీ లేదు, ఖాళీ అయిన మంచానికి ఇంకో మనిషి కావాలి, అంటే ఇంకో వీసా అమ్ముడవుతుంది. క్షమాభిక్షలో పోయినవాడు కొత్త వీసా మీద దర్జాగా తిరిగి రావచ్చు కూడా, రాయచోటి భాయే సాక్ష్యం. జల్లెడలో నీళ్ళు పోసి ఎన్ని బిందెలు పట్టాయని లెక్క రాసుకున్నట్టుంది ఈ పంపించే ఖర్చు.

కువైట్ ఏమీ చెయ్యలేదని కాదు. అదే 2020 జూన్‌లో వీసాల వ్యాపారం కేసులో బంగ్లాదేశ్ ఎంపీ ఒకాయన్ని అక్కడ అరెస్టు చేశారు, 2021 జనవరిలో నాలుగేళ్ళ శిక్ష పడింది. ఒక ఎంపీ పదవి వెలగబెడుతూ ఈ వ్యాపారం చేశాడంటే అందులో ఎంత మిగులుతుందో ఆలోచించండి. కానీ వార్తల్లో పెద్దగా వచ్చింది అది కాదు. జనాభాలో 70 శాతం ఉన్న విదేశీయుల్ని 30కి తగ్గించాలని వాళ్ళ ప్రధానమంత్రి అన్నది, భారతీయులు 15 శాతం మించకూడదన్న బిల్లు, అవే వచ్చాయి. మన టీవీల్లో వారం రోజులు "8 లక్షల మంది వెనక్కి" అని ఎర్ర అక్షరాలు. నేనప్పటికి ఊళ్ళోనే ఉన్నాను, మా అమ్మ అది చూసి ఆ 8 లక్షల మందికీ ఇక్కడ పనెవడిస్తాడ్రా అని ఏడ్చింది. తీరా చూస్తే ఇవాళ్టికీ కువైట్‌లో మనవాళ్ళు పది లక్షల మంది ఉన్నారు. ఇళ్ళు ఎవరు ఊడుస్తారు, బండ్లు ఎవరు నడుపుతారు, దోసెలెవరు వేస్తారు?

మా బావమరిది కొడుకు డాలస్‌లో ఉంటాడు, హెచ్1బీ. ఫ్యామిలీ గ్రూపులో వాడి వాదన ఎప్పుడూ ఒకటే: "మామయ్యా, మేము లైన్లో నిలబడి వచ్చాం, వాళ్ళు గోడ దూకి వచ్చారు, పంపిస్తేనే ఇక్కడి పనివాళ్ళ జీతాలు పెరుగుతాయి." నేను ఏడో తరగతి, వాడు ఎమ్మెస్, అయినా ఊరుకోలేదు. మెక్సికో కూలీలని పొలాలకి తెచ్చుకునే బ్రసేరో పథకాన్ని అమెరికా 1964లో ఆపేసింది. జీతాలు పెరుగుతాయనే ఆపారు. తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు పాత రికార్డులన్నీ తిరగేసి చూస్తే పెరగలేదని తేలింది. రైతులు టమాటాలు కోసే యంత్రాలు తెచ్చుకున్నారు, కుదరని పంటలు తగ్గించుకున్నారు. ఇది మా అబ్బాయి వెతికి చెప్పాడు, నేను అలాగే గ్రూపులో పెట్టాను. వాడు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆ కాగితాలు లేనివాళ్ళే 2022లో అమెరికాలో 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని ఇంకో సంస్థ లెక్క ఉంది, అదీ పెట్టాను. దానికి బొటనవేలు కూడా రాలేదు.

ఇంకో మాట, హెచ్1బీ వాళ్ళకి కోపం వచ్చినా సరే. నేనూ లైన్లో నిలబడే వెళ్ళాను. పాస్‌పోర్టు, వీసా, మెడికల్, అన్నీ సక్రమంగానే. జీతం ఆపిన రోజు నుంచి నేను అక్రమం అయ్యాను, జీతం ఆపినాయన మాత్రం సక్రమంగానే ఉన్నాడు. ఆ అయిదు నెలల జీతం 400 దినార్లు ఇవాళ్టికీ రాలేదు, ఏ దేశం ఖర్చుల పట్టీలోనూ అది కనబడదు.

మే నెలాఖరులో గన్నవరంలో దిగాను. క్వారంటైన్ అయ్యాక కోడూరు వచ్చి టిఫిన్ బండి పెట్టుకున్నాను, దోసె వెయ్యడం అక్కడ నేర్చుకున్నదే. 2024 మార్చిలో కువైట్ మళ్ళీ క్షమాభిక్ష ప్రకటించిందని విని రాయచోటి భాయ్‌కి ఫోన్ చేశాను, ఊళ్ళో ఉన్నాడేమో, ఒకసారి కలుద్దామని. ఎత్తలేదు. సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, కువైట్ సాల్మియాలో ఏదో కొత్త బిల్డింగు, చేతిలో టైల్స్ కోసే మిషను, మెడలో పతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, పైకి కనబడేలా తగిలించుకుని. ఈసారి వీసాకి ఎంత పెట్టావు భాయ్ అని అడిగాను. నీలం టిక్కులు రెండు పడ్డాయి.