కొమ్మల గీతలు సరిగ్గా పడాలంటే: మేనకోడలికి ఒక లేఖ

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు జిల్లా రెవెన్యూ డివిజన్లను, వాటి కింది మండలాలను చెట్టులా చూపించడానికి నీవు పైథాన్‌లో రాసి పంపిన ప్రోగ్రామును శ్రద్ధగా చదివాను. అంతా బాగానే వచ్చింది గానీ, చివరి డివిజను మండలాల పక్కన ఒక నిలువు గీత దేనికీ అతుక్కోకుండా అడుగుదాకా వేలాడుతోంది. దాన్ని తుడిచేయడానికి నీవు పెట్టిన మూడు ‘ఇఫ్’ షరతులనూ తీసెయ్యి, ఎందుకంటే తప్పు అక్కడ లేదు.

ప్రతి పేరూ ఎన్నో అంతస్తులో ఉందో లెక్కపెట్టి, ఆ అంకెను బట్టి నీవు గీతలు వేస్తున్నావు. ఆ అంకె ఒక్కటే చాలదు. కొన్ని పేర్లతోనే చూడు:

చిత్తూరు జిల్లా
├── కుప్పం
│   ├── రామకుప్పం
│   └── శాంతిపురం
└── పలమనేరు
    ├── గంగవరం
    └── బైరెడ్డిపల్లె

శాంతిపురం, బైరెడ్డిపల్లె రెండూ ఒకే అంతస్తులో ఉన్నాయి. అయినా ఇక్కడ కుప్పం తరువాత ఇంకో డివిజను ఉంది గనుక శాంతిపురానికి ఎడమన గీత కొనసాగాలి, పలమనేరు తరువాత ఏదీ లేదు గనుక బైరెడ్డిపల్లెకు ఎడమన ఖాళీయే ఉండాలి. అంటే ఒక వరుస ఎడమ అంచును నిర్ణయించేది దాని లోతు కాదు, దాని పైవాళ్లలో ఎవరెవరు తమ తోబుట్టువుల్లో చివరివాళ్లన్న సంగతి. అందుచేత ఫంక్షను తనను తాను పిలుచుకునేటప్పుడు అంకెకు బదులు ఆ ఎడమ అంచునే స్ట్రింగుగా (అక్షరాల వరుసగా) అందించు. తన వరుసలో ఆ అంచును, కొమ్మ గుర్తును, పేరును ముద్రించాక, తాను చివరిదైతే అంచుకు నాలుగు ఖాళీలను, కాకపోతే ఒక నిలువు గీతను, మూడు ఖాళీలను చేర్చి పిల్లలకు పంపాలి. మూలానికి, అంటే అన్నిటికీ పైనున్న పేరుకు, కొమ్మ ఉండదు గనుక దాన్ని విడిగా ముద్రించు.

‘చివరిది’ అన్న మాట దగ్గరే చాలామంది జారిపడతారు, నేనూ పడ్డాను. కొన్ని మండలాలను దాచాలనుకుంటే ముందుగా వడపోసి, మిగిలిన జాబితాలో చివరిదేదో చూడాలి. ముద్రించేటప్పుడు వదిలేస్తే, అసలు చివరిది మాయమై, దాని పైది కింద ఇంకెవరో ఉన్నట్టు గీత చాపుకొని నిలబడుతుంది. పిల్లలు జనరేటరు (అంశాలను ఒక్కొక్కటిగా అందించేది) నుంచి వస్తుంటే ముందు లిస్టుగా మార్చుకో, జనరేటరుకు పొడవు తెలియదు.

గీసిన చెట్టును ఎక్కడా దాచుకోకు. పేర్లుండే పట్టికలో ప్రతి వరుసకూ దాని తల్లి (నేరుగా పైనున్న పేరు) ఎవరో మాత్రమే ఉండనివ్వు. 2022 ఏప్రిల్ 4న మన తిరుపతి చిత్తూరు నుంచి విడిపోయి వేరే జిల్లా అయినప్పుడు, అలాంటి పట్టికలో తల్లి గడులు మార్చుకుంటే సరిపోయేది. ఆ పట్టికను ఒక్కసారి చదివి, ఎవరి పిల్లలు ఎవరో డిక్షనరీలో (పేరు చెబితే దాని వివరం ఇచ్చే పైథాన్ నిర్మాణంలో) పేర్చుకో. ప్రతి పేరుకూ పట్టిక మొత్తం వెతకడం దండగ. పొరపాటున మూలమే తన సంతతికి బిడ్డగా నమోదైతే, ఆ వలయంలోకి దిగిన ప్రోగ్రాము, మామూలుగా 1000 దగ్గర ఉండే పైథాన్ రికర్షన్ హద్దు (ఫంక్షను తనను తాను పిలుచుకోగల లోతు) దాకా తిరిగి కూలుతుంది. నడుస్తున్న దారిలోని పైవాళ్లను ఒక సెట్‌లో ఉంచుకుంటే ముందే పట్టుకోవచ్చు.

ఈ గీతల అక్షరాలు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణంలో) హెక్సాడెసిమల్, అంటే పదహారు అంకెల, లెక్కలో 2500 నుంచి 257ఎఫ్ వరకు ఉన్నాయి. పాత ఐబీఎం పీసీల 437 కోడ్ పేజీలోనూ (ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే పట్టికలోనూ) మనం వాడినవి ఉండేవి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట అలా తయారైన ఫైలును వేరే కోడ్ పేజీలో తెరిస్తే, అడ్డగీతలన్నీ నెత్తిన రెండు చుక్కలున్న రోమన్ ‘ఏ’లుగా కనిపించాయి. విండోస్‌లో నీ ప్రోగ్రాము తెర మీద చక్కగా నడిచి, ఫలితాన్ని ఫైలులోకి మళ్లించగానే ఎర్రర్ ఇస్తే కారణం ఎన్‌కోడింగే (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతే). అవుట్‌పుట్‌ను యూనికోడ్ అక్షరాలన్నిటినీ రాయగల యూటీఎఫ్-8కు మార్చు.

పేర్లకు కుడివైపు జనాభా అంకెలను నిలువు వరుసలో నిలబెట్టాలన్న నీ ఆలోచన మానుకో. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరమే అయినా పైథాన్ శ, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా లెక్కించి దాని పొడవు 4 అంటుంది, కాబట్టి ఖాళీలు లెక్కగట్టి పేర్చినా శ్రీరంగరాజపురం వరుస పక్కకు జరుగుతుంది. అంకెను పేరు వెంటనే కుండలీకరణాల్లో పెట్టు.

సవరించాక, పిల్లలే లేని మూలంతోనూ, ఒకే బిడ్డ ఉన్న డివిజనుతోనూ నడిపి చూసి, ఆ రెండు ఫలితాలూ నాకు పంపు.

మామయ్య